మా అత్త కట్టిన మండె

మా అత్త పోయిన సంగతి నాకు బడిలో తెలిసింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. పొద్దటి షిఫ్టు దిగి, ఒంటి మీది బొగ్గు కూడా కడుక్కోకుండా, మా క్వార్టర్ల లైనులో ఉండే ఒకాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "టీచరమ్మా, మీ అత్త పోయింది. దవాఖాన నుంచి చెప్పి పంపిన్రు" అన్నాడు. పిల్లలు ఎక్కం ఆపలేదు. నేనూ ఆపమనలేదు. పుష్యమాసం చలి. నాకు ఆ క్షణాన తోచింది చెబితే నవ్వుతారేమో. దవాఖానకు పట్టుకెళ్దామని ఆమె కోసం వండిన గంజి పొయ్యి మీద ఉంది, కింద బొగ్గు ఈపాటికి ఆరిపోయి ఉంటుంది, మళ్ళీ ఎవరు రాజేస్తారు అనుకున్నాను.

ఏడుపు తర్వాత వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది, అది ఇంకా పోలేదు. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకాదు. ఆమెకైనా అట్లాంటి రాతలు నచ్చవు. ఎవరైనా ఎక్కువ పొగిడితే "వీనికి ఏం గావాల్నో అడుగు పిల్లా" అనే మనిషి.

సాయంత్రానికి ఊరి నుంచి బండి కట్టుకొని జనం దిగారు. పదేళ్ళుగా మా గడప తొక్కని వాళ్ళు కూడా వచ్చారు. వరసగా వచ్చి ముఖం చూసి "మంచి మనిషి" అన్నారు. ఒకావిడైతే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అప్పట్లో మా వాకిట్లో నిలబడి మా అత్తను నోటికొచ్చినట్టు తిట్టింది ఆవిడే. ఈ మంచి మాట బతికుండగా ఒక్కసారి అంటే వాళ్ళ సొమ్మేం పోయేదో నాకు తెలియదు. అందరికీ టీ పోశాను. పోస్తున్నంతసేపూ పళ్ళు బిగించుకునే ఉన్నాను.

నేను కోడలిగా వచ్చేనాటికే మా మామ లేడు. గోదావరి అవతల గనిలో కప్పు కూలి పోయాడట. ఆయన స్థానంలో మా ఆయనకు పని ఇచ్చారు. తర్వాత గోదావరిఖనిలో కొత్త గనులు తెరిస్తే ఇటు మారాడు, క్వార్టరు దొరికింది. రెండు గదులు, వెనక వాకిలి, ఇటుకలతో కట్టిన బొగ్గు పొయ్యి. మా మరిది మాత్రం ఊళ్ళోనే ఉన్నాడు. నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో వాళ్ళకు మోటబావి కింద కొంచెం పొలం ఉండేది. "పెద్దోన్ని బాయికి ఇచ్చిన. చిన్నోన్ని ఇయ్య" అనేది మా అత్త. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. చిన్న కొడుకు గనిలో దిగకూడదు. అందుకు పొలం పండాలి. పొలం పండాలంటే చలికాలంలో వేసే యాసంగి నారు దక్కాలి. ఆమె బతుకంతా ఈ లెక్క మీదే నడిచింది.

వానాకాలం వడ్లు తడిపి ఏ మూల పెట్టినా మొలుస్తాయి. పుష్యం చలిలో అట్లా కుదరదు. వడ్లను గంగాళంలో నానబోసి, నీళ్ళు వంచేసి, గోనె సంచుల్లో వదులుగా కట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడతారు. లోపల వేడి పుడితే గింజ పగిలి తెల్లటి మొలక బయటికి వస్తుంది. దీన్ని మండె కట్టడం అంటారు. మొలకెత్తిన గింజను తెచ్చి నారుమడిలో చల్లుతారు. చలి ఎక్కువైతే బస్తాలో ఆ వేడే పుట్టదు. గింజ రోజుల తరబడి అట్లాగే పడుకొని, చివరికి బూజు పడుతుంది. ఊళ్ళో పొయ్యిలు వంట కాగానే చల్లారేవి, కట్టెలు పొదుపుగా వాడుకోవాలి. కంపెనీ క్వార్టర్లలో ఆ బాధ లేదు. బొగ్గుకు కొదవ లేదు కాబట్టి మా పొయ్యి ఏడాది పొడుగునా ఆరేది కాదు.

అందుకని యాసంగి వచ్చిందంటే ఊరి నుంచి తడి బస్తాలు ఎడ్లబండి మీద మా కాలనీకి వచ్చేవి. మా మరిదివి కొన్ని, ఇంకో రెండు మూడు ఇళ్ళవి కొన్ని. బొగ్గుబాయిల మధ్య క్వార్టర్లలో వడ్లు మొలకెత్తించడం ఏమిటని నాకు మొదట వింతగా ఉండేది. వంటగదికీ వెనక గదికీ మధ్య ఒకటే గోడ. పొయ్యి ఇటు వైపు, బస్తాలు అటు వైపు. గోడ గోరువెచ్చగా ఉండేది. మా అత్త బస్తాలను ఆ గోడకు ఆనించి, గడ్డి కప్పి, పక్కనే చాప వేసుకొని పడుకునేది. కొత్తగా కాపురానికి వచ్చిన నాకు వంటగదిలో గిన్నెల మధ్య పడక. ఒకసారి తెగించి అడిగాను.

"మనుషులకు జాగా లేదు గానీ బస్తాలకు ఉన్నదా అత్తా?"

"నీకు సలి పెడితె దుప్పటి అడుగుతవు. అవి అడుగుతయా?" అంది, నా వైపు తిరగకుండానే.

ఆమె నోరు మంచిది కాదు. నేను చదువుకున్న కోడలినని మొదట్లో నా చేతి వంట తినడానికి కూడా ముఖం ముడుచుకునేది. పుస్తకం పట్టుకుంటే "కండ్లు బొగ్గులైతయి" అనేది. నేనూ తక్కువ తినలేదు, మాటకు మాట అప్పగించేదాన్ని. మా ఇద్దరి మధ్య పొసగడానికి నాలుగైదు చలికాలాలు పట్టింది. పొసిగింది కూడా ఆ బస్తాల దగ్గరే.

బొగ్గు పెళ్ళలను ఆమె ఎప్పుడూ అట్లాగే పొయ్యిలో వేసేది కాదు. వెనక వాకిట్లో కూర్చొని సుత్తితో నిమ్మకాయంత ముక్కలుగా కొట్టేది. చిన్న ముక్కయితే మంట మన మాట వింటుందని ఆమె నమ్మకం. కొట్టడం అయ్యాక చెయ్యి చీర కుచ్చెళ్ళకు రెండు వైపులా తుడుచుకొని, బస్తా మూతి విప్పి, మోచేతి దాకా లోపలికి దూర్చేది. కళ్ళు మూసుకొని అట్లాగే ఉండేది. తర్వాత ఎవరితోనో చెప్పినట్టు "సల్లగనే ఉన్నది" అనేది. లేదంటే "అందుకున్నది" అనేది. అందుకున్నదంటే గింజ లోపల వేడి పుట్టిందని అర్థం. అప్పటి నుంచి పని తిరగబడుతుంది. పొయ్యిలో బొగ్గు తగ్గించాలి, బస్తాలు గోడ నుంచి జరపాలి, పొద్దునా మాపూ నీళ్ళు చిలకరించాలి. లేచిన గింజ తన వేడి తానే పుట్టించుకుంటుంది, దానికి పొయ్యి వేడి కూడా కలిస్తే చచ్చిపోతుంది. "పిల్లకు జరమొచ్చినట్టు ఉండాలె. మీద చెయ్యేస్తె తెలువాలె, కాలొద్దు" అని నా చెయ్యి పట్టుకొని బస్తాలో పెట్టించింది ఒక రోజు. నిజంగానే జ్వరం వచ్చిన పిల్ల వీపులా ఉంది లోపల. నేను చెయ్యి వెంటనే తీయలేకపోయాను.

లైనులో పిల్లలకు ఒళ్ళు వేడిగా ఉంటే తల్లులు ముందు ఆమె దగ్గరికే తెచ్చేవారు. అదే చేత్తో వీపు తడిమి "పండుకోబెట్టుండ్రి, ఏం గాదు" అనేది, లేదా "జల్ది దవాఖానకు ఉరుకుండ్రి" అనేది. ఆ తల్లులు ఆమె మాట మీద ఎంత నమ్మకంతో వెళ్ళేవారో నేను చూశాను.

అప్పుడే ఊళ్ళోకి పొట్టి వడ్లు వచ్చాయి. పైరు మోకాలి పైకి కొంచెం పెరుగుతుందట, గింజ మాత్రం విరగకాస్తుందట. మా మరిది ఎక్కడెక్కడో తిరిగి ఆ విత్తనం సంపాదించాడు. ఇంకో రెండు ఇళ్ళవాళ్ళు కూడా అతన్ని చూసి తీసుకున్నారు. అప్పటిదాకా వాళ్ళు వేసేది ఊరి ఎర్ర వడ్లు, తరతరాలుగా అక్కడి చలికి అలవాటు పడ్డవి. ఆ ఏడాది ఎర్ర వడ్లు ఒక్క గింజ కూడా ఉంచుకోకుండా తిండికి దంచేశారు. బస్తాలు దించుతుంటే మా మరిది ముఖం వెలిగిపోతోంది. "ఈ ఒక్క పంట తీసినంక సూడవ్వా, బాయి దిక్కు నేనెందుకు సూస్త" అన్నాడు. మా అత్త ఆ రోజు అతనికి రెండోసారి అన్నం తనే వడ్డించింది.

ఎర్ర వడ్లయితే మర్నాటికి వేడి అందుకునేవి. ఇవి అందుకోలేదు. ఆ మర్నాడూ లేదు. మా అత్త చెయ్యి పెట్టడం, "సల్లగనే ఉన్నది" అనడం. మా మరిది గదిలో అటూ ఇటూ తిరగడం. ఊళ్ళో మడి దున్ని నీళ్ళు పెట్టి వచ్చాడు, ఆలస్యం చేస్తే మడి పాడవుతుంది.

"మంట పెంచవ్వా. ఇట్లైతె కుళ్ళిపోతయి."

"కొత్త గింజ కొడుకా. దీని గుణం మనకు తెల్వదు. జర ఆగు, దాని పాటికది లేస్తది."

"నీకు ఎర్ర వడ్లే తెలుసు. ఇయ్యి అవి గావు."

"అందుకే ఆగుమంటున్న. పొయ్యి జోలికి పోకు."

ఆ పొద్దున గని సైరన్ వేళ కాని వేళ మోగింది. షిఫ్టు సైరన్‌కూ దానికీ తేడా కాలనీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుస్తుంది. మా ఆయన లోపల ఉన్నాడు. నేనూ మా అత్తా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాము. ఇంట్లో మా మరిది ఒక్కడే మిగిలాడు. తర్వాత అతనూ వచ్చి మా పక్కన నిలబడ్డాడు. గని మూతి దగ్గర ఆడవాళ్ళంతా ఒకరినొకరు పట్టుకొని ఉన్నారు, ఏడుపు కూడా రావడం లేదు. పొద్దు వాలుతుండగా మా ఆయన పైకి వచ్చాడు. మా వెనక లైనులో ఒకాయన రాలేదు. మా అత్త కొడుకు ముఖం రెండు చేతులతో తడిమి, వెంటనే వదిలేసి, ఆ రానాయన భార్య దగ్గరికి వెళ్ళి కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చాము.

తలుపు తీయగానే వాసన కొట్టింది. వడ్లు ఉడకబెట్టినప్పుడు వచ్చే వాసన. ఆకలి మీద ఉన్నామేమో, ఒక్క క్షణం నోట్లో నీళ్ళు కూడా ఊరాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది. వెనక గది కిటికీకి గోనె సంచి కుక్కి ఉంది. గోడ ముట్టుకోలేనంతగా కాలుతోంది. మా అత్త బస్తాలో చెయ్యి పెట్టి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది. ఇప్పుడర్థమవుతోంది, గింజ ఆ రోజే లేచింది. లేచిన గంటల్లోనే, తన వేడీ పొయ్యి వేడీ కలిసి, మొలక బయటపడకముందే ఉడికిపోయింది.

పొయ్యి దగ్గరికి వెళ్ళి చూశాము. అడుగున ఎర్రగా కాలుతున్నవి నిమ్మకాయంత ముక్కలు కావు. తలకాయంత పెళ్ళలు, సుత్తి తగలనివి. మేము పరుగెత్తాక పొయ్యి నిండా కుక్కి, కిటికీ మూసి, ఆ తర్వాత అతను గని దగ్గరికి వచ్చాడన్నమాట. మా అత్త ఇనుప చువ్వతో ఆ పెళ్ళలను ఒక్కొక్కటిగా లాగి, నీళ్ళు చల్లి, వాకిట్లోకి నెట్టింది. నా వైపు చూసింది.

"పిల్లా, నువ్వేం సూడలె" అంది.

మర్నాడు ఊరి నుంచి మిగిలిన రెండు ఇళ్ళవాళ్ళు వచ్చారు. "కంపెనీ బొగ్గు పుక్కట్ల వస్తదని కుమ్మింది. మా గింజలను ఉడకబెట్టింది" అని వాకిట్లో నిలబడి అరిచారు. మళ్ళీ విత్తనం దొరికే దారి లేదు, అదును కూడా దాటిపోతోంది. మా అత్త తల వంచుకొని "తప్పు నాదే" అంది. మా మరిది గడప మీద కూర్చొని విన్నాడు. లేచి ఒక్క మాట అంటాడని నేను అతని వైపే చూస్తున్నాను. అతను లేచాడు కూడా. "నన్ను బాయిల దించుతున్నది ఇంకెవలో కాదవ్వా, నువ్వే" అన్నాడు, అందరి ముందూ.

ఎండలు ముదిరేలోగా అతను గనిలో బదిలీ పనికి, అంటే షిఫ్టుకు రానివాళ్ళ బదులు దిగే పనికి, పేరు రాయించుకున్నాడు. మొదటి షిఫ్టుకు పోయిన రోజు మా అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. సైరన్ మోగుతున్నంతసేపూ వెనక వాకిట్లో బొగ్గు కొడుతూనే ఉంది. ముక్కలు పిండి అయిపోయాయి. ఆ పొలంలో తర్వాత తుమ్మలు మొలిచాయి. వాటికి ఎవరూ మండె కట్టనక్కర్లేదు.

ఏ పండక్కి వచ్చినా, రెండు గుక్కలు తాగితే చాలు, మా మరిది నోటి వెంట అదే మాట. నువ్వే దించినవు, నువ్వే దించినవు. ఒకసారి అతను వెళ్ళిపోయాక నేను ఆగలేకపోయాను.

"ఇప్పటికైనా చెప్పు అత్తా. పొయ్యిలో పెళ్ళలు ఎవరు వేశారో అడుగు."

"అడిగితె ఏమైతది?"

"నిజం తెలుస్తుంది."

"వానికి తెల్వదా? తెలిసే అంటున్నడు పిల్లా. నన్ను అన్నంత సేపు వాడు తనను తాను అనుకోడు. బాయిల దిగెటోని మీద గా బరువు గూడ ఎందుకు? నన్నే అననియ్యి."

నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కొడుకు మీద ప్రేమంటే అదేనని ఎవరైనా అంటే నేను వాదనకు దిగుతాను. ఆ ప్రేమ వాడిని మనిషిని చేయలేదు, ఆమెను మాత్రం తినేసింది. లైనులో తల్లులు కూడా జ్వరం పిల్లలను తీసుకురావడం మానేశారు. "ఆమె చెయ్యికి వేడి తెల్వదు" అని నల్లా దగ్గర అనుకోవడం నేను విన్నాను.

అయినా ప్రతి చలికాలం ఆమె ఒక పని చేసేది. పాత చీర పేలికల్లో పిడికెడు పిడికెడు గింజలు కట్టి ఆ గోడ పొడుగునా వేలాడదీసేది. పొట్టి వడ్లు, ఎక్కడో అడిగి తెచ్చిన ఎర్ర వడ్లు, జొన్నలు, మక్కలు, గోధుమలు. ఒకటి పొయ్యికి దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి చల్లటి కిటికీ దగ్గర. పొద్దున్నే లేచి ఒక్కొక్క మూట విప్పి చూసేది. గోధుమ కిటికీ దగ్గర కూడా మొలిచేది. జొన్నా మక్కా పొయ్యి దగ్గరికి జరిపితే గానీ కదిలేవి కావు.

"ఇదంతా ఎందుకత్తా? పొలమే లేదు గదా" అన్నాను.

"ఎవలన్న అడిగితె చెప్పాలె గద" అంది.

ఎవరూ అడగలేదు. ఊరంతా పొట్టి వడ్లే వేస్తున్నారు, ప్రతి యాసంగికీ ఎవరో ఒకరి మండె చెడుతూనే ఉంది, అయినా ఆమెను అడగాలని ఒక్కరికీ తోచలేదు. అందుకని నేనిక్కడ రాస్తున్నాను, చదివేవాళ్ళలో వ్యవసాయం చేసేవాళ్ళుంటే పనికొస్తుంది. ఎర్ర వడ్లు చలిలో కూడా త్వరగా లేస్తాయి. పొట్టి వడ్లు ఇంకో రోజు ఎక్కువ పడుకుంటాయి, వాటిని చూసి కంగారు పడి మంట పెంచకూడదు. నానబోసే నీళ్ళు గోరువెచ్చగా ఉంటే సగం చలి అక్కడే విరుగుతుంది. లేచాక మాత్రం అవి ఎర్ర వడ్ల కంటే తొందరగా వేడెక్కుతాయి, అప్పుడు పొయ్యికి దూరంగా తీసి నీళ్ళు చిలకరించాలి. మా అత్తకు తెలిసింది ఇదీ. తెలిసేసరికి కొడుకు గనిలో ఉన్నాడు.

మా వాళ్ళలో మట్టి చేస్తారు. ఆడవాళ్ళు కూడా వెంట వెళ్తారు. మర్నాడు పొద్దున, గోదావరి మీది పొగమంచు ఇంకా విడవకముందే ఆమెను గుంటలో దించారు. మా మరిది ఆ రోజు తాగలేదు. కొడుకులిద్దరూ మట్టి వేశారు, మేమూ వేశాము. ఊరివాళ్ళు మళ్ళీ ఒకసారి "మంచి మనిషి" అనుకొని స్నానాలకు నది వైపు నడిచారు. మా ఆయన వాళ్ళను తీసుకొని ముందు పోయాడు. నేను వెనకబడ్డాను.

మా మరిది కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యి అంగీకి రెండు వైపులా తుడుచుకున్నాడు. ఆ కొత్త మట్టిలోకి మోచేతి దాకా దూర్చి కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ తలకాయంత పెళ్ళల మాట నా నాలుక చివరే ఉంది. అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను కూడా. నువ్వేం సూడలె అని ఆమె నాతో అనకుండా ఉంటే అడిగేసేదాన్నే.

"సల్లగనే ఉన్నదొదినె" అన్నాడు.

నేను నది వైపు నడిచాను. దారి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, అతను చెయ్యి ఇంకా బయటికి తీయలేదు.